అందరికీ తెరిచిన అణువుల చిట్టా

పసుపుకొమ్ముకు ఆ రంగునిచ్చే పదార్థం కర్క్యుమిన్. ఐరోపా రసాయన శాస్త్రజ్ఞులు 1815లోనే దాన్ని పసుపు నుంచి వేరు చేశారు. దాని అణువులో ఏ పరమాణువు దేనితో కలిసి ఉందో తేలడానికి మాత్రం 1910 దాకా పట్టింది. ఇవాళ నిజామాబాద్‌లోనో దుగ్గిరాలలోనో ఉన్న ఇంటర్ విద్యార్థి సెల్‌ఫోన్‌లో ఆ పేరు కొడితే చాలు, పబ్‌కెమ్ అనే డేటాబేస్ 969516 సంఖ్యతో ఒక పుట తెరుస్తుంది. అందులో అణువు బొమ్మ ఉంటుంది. 21 కార్బన్లు, 20 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు ఉన్నాయనీ, అణుభారం 368.4 అనీ ఉంటుంది. ఏయే ప్రయోగశాలలు దాన్ని ఏయే ప్రోటీన్ల మీద పరీక్షించాయో, ఏం కనిపించిందో వరుసగా ఉంటుంది. ఇదే అణువుకు కెబి అనే మరో డేటాబేస్‌లో 3962, కెంబుల్‌లో 140 అన్న సంఖ్యలున్నాయి. మూడు చోట్లా రుసుము లేదు, సభ్యత్వం అడగరు. కావాలంటే మొత్తం డేటానే దింపుకోవచ్చు.

జీవశాస్త్ర పరిశోధనకు పనికొచ్చే చిన్న అణువుల నిర్మాణం, గుణాలు, జీవకణాల మీద వాటి ప్రభావం, ఈ సమాచారాన్నంతా కంప్యూటర్ చదివి వెతకగలిగేలా అమర్చి, ఎవరైనా వాడుకునేలా తెరిచి ఉంచిన నిధులనే రసాయన సమ్మేళనాల బహిరంగ డేటాబేస్‌లు అంటారు. చిన్న అణువులంటే మందులు, విటమిన్లు, హార్మోన్లు, పురుగుమందులు, మొక్కల్లోని రంగులూ చేదులూ, కణంలో జీవక్రియ నడిపే పదార్థాలు. జన్యువుల ఆదేశంతో తయారయ్యే ప్రోటీన్లు, డీఎన్ఏ వంటి భారీ అణువులకు వేరే డేటాబేస్‌లున్నాయి. ఒక మందు ఎక్కడ పనిచేస్తుంది, ఒక విషం ఎందుకు చంపుతుంది, ఒక మొక్కకు ఆ గుణం ఎలా వచ్చింది అని అడిగే వాళ్లు ఈ రెండు రకాల నిధుల మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు.

ఈ తెరిచిన తలుపు చాలా ఆలస్యంగా వచ్చిందన్న సంగతి ఇప్పటి విద్యార్థులకు తెలియకపోవచ్చు. జీవశాస్త్రజ్ఞులు మొదటి నుంచీ పంచుకునే అలవాటులో పెరిగారు. ప్రోటీన్ల త్రిమితీయ నిర్మాణాలను దాచే ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైంది. జన్యు అక్షరమాలను దాచే జెన్‌బ్యాంక్ 1982లో వచ్చింది. రెండూ మొదటి నుంచీ అందరివీ. రసాయన శాస్త్రం దారి వేరు. అక్కడ సమాచారాన్ని పోగుచేయడం అంతకంటే ఎంతో పాత వృత్తి, పాత వ్యాపారం కూడా. బైల్‌స్టైన్ కర్బన రసాయన గ్రంథం తొలి కూర్పు 1881లో మొదలైంది. అమెరికన్ కెమికల్ సొసైటీ వారి కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ 1907 నుంచి వస్తోంది. ఆ సంస్థే 1965లో ప్రతి పదార్థానికీ ఒక నమోదు సంఖ్య ఇచ్చే పద్ధతి పెట్టింది. ప్రయోగశాలలోని ఆస్పిరిన్ సీసా మీద కనిపించే 50-78-2 వంటి అంకెలు అక్కడివే. అది గొప్ప కృషి, సందేహం లేదు. కాని దాన్ని పూర్తిగా వాడుకోవాలంటే చందా కట్టాలి, ఆ చందా మన విశ్వవిద్యాలయాల్లో చాలావాటి తాహతుకు మించినది.

అలాంటి రంగంలోకి 2004 సెప్టెంబరులో పబ్‌కెమ్ అడుగుపెట్టింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల కింద, జెన్‌బ్యాంక్‌ను నడిపే జాతీయ జీవసాంకేతిక సమాచార కేంద్రమే దీన్నీ మొదలుపెట్టింది. అప్పట్లో ఆ ఆరోగ్య సంస్థలు ఒక పెద్ద కార్యక్రమం తలపెట్టాయి. ప్రభుత్వ ఖర్చుతో పరీక్షా కేంద్రాలు నెలకొల్పి, లక్షల అణువులను జీవ లక్ష్యాల మీద ప్రయోగించి, ఫలితాలన్నీ బయటపెట్టాలన్నది దాని ఉద్దేశం. ఆ ఫలితాలు పెట్టడానికి ఒక చోటు కావాలి. అదే పబ్‌కెమ్.

వెంటనే గొడవ మొదలైంది. పబ్‌కెమ్‌లో అప్పటికి పది లక్షల సమ్మేళనాలు కూడా లేవు, అమెరికన్ కెమికల్ సొసైటీ దగ్గర కోట్లు ఉన్నాయి. అయినా 2005లో ఆ సొసైటీ, ప్రభుత్వం తమ వ్యాపారానికి పోటీగా దిగుతోందని అభ్యంతరం చెప్పి, ఆ విషయాన్ని అమెరికా చట్టసభ దాకా తీసుకువెళ్లింది. సొసైటీ నమోదు విభాగం ఉన్న ఒహాయో రాష్ట్ర నాయకులు దానికి వత్తాసు పలికారు. గ్రంథాలయాలూ, పరిశోధకులూ పబ్‌కెమ్ పక్షాన నిలిచారు. చివరికి ప్రతినిధుల సభ కమిటీ, ప్రైవేటు సంస్థల పనినే మళ్లీ చేయకుండా వాటితో సంప్రదించి ముందుకు వెళ్లమని ఆరోగ్య సంస్థలకు సూచించి ఊరుకుంది. పబ్‌కెమ్‌కు కోత పడలేదు. ఆ ఏడాది నిర్ణయం మరోలా ఉండి ఉంటే, రసాయన సమాచారం ఇవాళ కూడా తాళం వేసిన బీరువాలోనే ఉండేది.

పబ్‌కెమ్ ఇప్పుడు ఎంత పెద్దదంటే, 2025 నాటి లెక్కల్లో దాదాపు 11.9 కోట్ల సమ్మేళనాలు, 32 కోట్లకు పైగా పదార్థాల నమోదులు, 29 కోట్లకు పైగా జీవ పరీక్షా ఫలితాలు ఉన్నాయి. వెయ్యికి పైగా సంస్థలు, కంపెనీలు, పత్రికలు సమాచారం పంపుతున్నాయి. ఈ అంకెల్లో సమ్మేళనాలకూ పదార్థాలకూ అంత తేడా ఎందుకన్నది అర్థమైతే ఈ డేటాబేస్ పనితీరు సగం అర్థమైనట్టే. ఎవరు ఏది పంపినా, వాళ్లు రాసింది రాసినట్టుగా ‘పదార్థం’ విభాగంలో చేరుతుంది. ఒకే ఆస్పిరిన్‌ను వందమంది పంపితే వంద నమోదులు. ఆ తర్వాత కంప్యూటర్ ప్రతి నిర్మాణాన్నీ ఒక ప్రామాణిక రూపంలోకి మార్చి, ఒకటేనని తేలినవాటిని కలిపి ‘సమ్మేళనం’ విభాగంలో ఒకే సంఖ్య కిందికి తెస్తుంది. ఆస్పిరిన్‌కు ఆ సంఖ్య 2244. మూడో విభాగం జీవ పరీక్షలది. ఏ పరీక్ష, ఎవరు చేశారు, ఏ అణువు పనిచేసింది, ఏది పనిచేయలేదు, ఇవన్నీ అందులో ఉంటాయి.

ఒకటేనని తేల్చడం చెప్పినంత తేలిక కాదు. ఒకే మనిషికి ఇంట్లో ఒక పేరు, బడి రికార్డుల్లో ఒక పేరు, రేషన్ కార్డులో మరో పేరు ఉన్నట్టు, ఒక అణువుకు వాడుక పేరు, కంపెనీ పెట్టిన పేరు, శాస్త్రీయ నామం, కోడ్ నంబరు ఇలా డజన్లకొద్దీ పేర్లుంటాయి. అందుకే రసాయన కంప్యూటింగ్‌లో పేరును నమ్మరు, నిర్మాణాన్నే నమ్ముతారు. నిర్మాణాన్ని అక్షరాల వరుసగా రాసే పద్ధతుల్లో స్మైల్స్ అనేది 1980లలో డేవిడ్ వైనింగర్ రూపొందించింది. ఇందులో హైడ్రోజన్లను రాయకుండా వదిలేస్తారు. రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్ ఉన్న ఇథనాల్‌ను ‘సి సి ఓ’ అని మూడు అక్షరాల్లో రాసేయవచ్చు. ‘ఓ సి సి’ అని తిరగేసి రాసినా తప్పు కాదు, అక్కడే చిక్కు. ఒకే అణువుకు రెండు సరైన రాతలుంటే కంప్యూటర్ రెండు అణువులనుకుంటుంది.

ఈ చిక్కు విప్పడానికి అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య, అమెరికా ప్రమాణాల సంస్థ కలిసి ఇంచీ అనే పద్ధతిని రూపొందించాయి. 2005లో విడుదలైన ఇంచీలో, ఒక అణువును ఎవరు ఏ మూల నుంచి గీసినా చివరికి ఒకే వరుస వస్తుంది. ఆ వరుస పెద్ద అణువులకు చాంతాడంత అవుతుంది గనుక, దాన్ని 27 అక్షరాలకు కుదించిన ఇంచీ కీ 2007లో వచ్చింది. ఈ 27లో మొదటి 14 అక్షరాలు అణువు అస్థిపంజరాన్ని, అంటే పరమాణువులు ఎలా కలిసి ఉన్నాయన్నదాన్ని, సూచిస్తాయి. ఆ తర్వాతి భాగం త్రిమితీయ అమరిక వంటి తేడాలను చెబుతుంది. పార్కిన్సన్ రోగులకు ఇచ్చే లెవొడోపాను, దాని అద్దపు ప్రతిబింబమైన డి-డోపాను పక్కపక్కన పెడితే మొదటి 14 అక్షరాలు ఒకటే, తర్వాతివి వేరు. మందుగా పనికొచ్చేది మొదటిదే. అమరికలో అంత చిన్న తేడాను నమోదులో వదిలేస్తే ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. యూరోపియన్ బయోఇన్‌ఫర్మాటిక్స్ సంస్థ నడిపే యూనికెమ్ అనే సేవ, ఈ ఇంచీ ఆధారంగానే డజన్ల డేటాబేస్‌లలోని సంఖ్యలను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది.

కర్క్యుమిన్ దగ్గర ఈ పద్ధతి కూడా తడబడుతుంది. ఆ అణువులో ఒక హైడ్రోజన్ చోటు మార్చుకుంటూ ఉంటుంది. దాంతో కీటో, ఈనాల్ అని రెండు రూపాలు వస్తాయి. ద్రావణంలో ఎక్కువగా ఉండేది ఈనాల్ రూపమే. ప్రామాణిక ఇంచీ ఈ తరహా రూపాలను ఒకటిగా లెక్కించదు గనుక, రెండు రూపాలకూ రెండు వేర్వేరు కీలు వస్తాయి. ఫలితంగా ఒకే సీసాలో ఉన్న పదార్థం డేటాబేస్‌లో రెండు పుటల మీదికి చీలుతుంది. పైగా బజారులో కర్క్యుమిన్ పేరుతో అమ్మేది చాలా సందర్భాల్లో మూడు దగ్గరి బంధువుల మిశ్రమం. మెథాక్సీ సమూహాలు రెండున్నది కర్క్యుమిన్, ఒకటున్నది, ఒక్కటీ లేనిది మిగతా రెండు. ఏ ప్రయోగంలో ఏది వాడారన్నది మూల వ్యాసం చదివిన మనిషి మాత్రమే చెప్పగలడు.

అలా చదివే మనుషుల మీద ఆధారపడిన డేటాబేస్ కెబి. కేంబ్రిడ్జ్ దగ్గర హింక్స్‌టన్‌లో ఉన్న యూరోపియన్ బయోఇన్‌ఫర్మాటిక్స్ సంస్థ దీని తొలి విడుదలను 2004లోనే, అంటే పబ్‌కెమ్ వచ్చిన ఏడాదే, తెచ్చింది. పరిమాణంలో రెంటికీ పోలికే లేదు. కెబిలో నిపుణులు పూర్తిగా సరిచూసి మూడు నక్షత్రాలు వేసిన నమోదులు వేలల్లోనే ఉంటాయి. అయితే ఆ ఒక్కో నమోదులో ఉన్న పొందిక చూస్తే కోట్ల లెక్క చిన్నబోతుంది. ఆస్పిరిన్‌ను తీసుకుందాం. కెబిలో దాని సంఖ్య 15365. అది బెంజోయిక్ ఆమ్లాల కుటుంబానికి చెందినదని, సాలిసిలేట్ల జాతి అని ఒక వరుస చెబుతుంది. అది నొప్పి తగ్గిస్తుందని, జ్వరం తగ్గిస్తుందని, రక్తఫలకికలు గుమిగూడకుండా ఆపుతుందని, సైక్లోఆక్సిజనేజ్ ఎంజైమ్‌ను అడ్డుకుంటుందని వేరే వరుసలు చెబుతాయి. మొక్కల్లో రక్షణ వ్యవస్థను మేల్కొల్పే గుణం ఉందని కూడా ఉంటుంది. ఇవి మామూలు వివరణ వాక్యాలు కావు, కంప్యూటర్ అర్థం చేసుకోగల సంబంధాలు. ‘జ్వరం తగ్గించే సాలిసిలేట్లన్నీ చూపించు’ అని అడిగితే వాటినే ఏరి ఇస్తుంది. ఇలా అర్థాల మధ్య బంధుత్వాన్ని నిర్మించే పద్ధతిని ఆంటాలజీ అంటారు.

రసాయన శాస్త్రజ్ఞుడికి సిట్రిక్ ఆమ్లం వేరు, సిట్రేట్ వేరు. జీవశాస్త్రజ్ఞుడు రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడేస్తాడు. కణం లోపలి ఆమ్లక్షార స్థితిలో సిట్రిక్ ఆమ్లం తన హైడ్రోజన్ అయాన్లను వదిలేసి సిట్రేట్‌గానే ఉంటుంది. కెబి రెండింటినీ వేర్వేరుగా నమోదు చేసి, ఇది దాని ఆమ్లం, అది దీని క్షారం అని ముడి వేసి ఉంచుతుంది. జీవరసాయన చర్యలను నమోదు చేసే రియా అనే డేటాబేస్, పీహెచ్ 7.3 దగ్గర ఏ రూపం ఎక్కువగా ఉంటుందో ఆ కెబి సంఖ్యనే వాడుతుంది. ప్రోటీన్ల మహానిధి యూనిప్రోట్ తన ఎంజైమ్ చర్యలను రియా ద్వారా చెబుతుంది. అలా హింక్స్‌టన్‌లో ఒకరు ఒక హైడ్రోజన్ గురించి తీసుకున్న నిర్ణయం ప్రపంచమంతటి ప్రయోగశాలలకు పాకుతుంది. పైకి కనిపించని ఇలాంటి శ్రమే ఈ రంగంలో అన్నిటికంటే విలువైనది.

అదే ప్రాంగణం నుంచి నడిచే మరో డేటాబేస్ కెంబుల్. దీని పుట్టుక కొంచెం విచిత్రం. ఇది మొదట ఒక ప్రైవేటు కంపెనీ సొత్తు, పేరు స్టార్‌లైట్. మందుల కంపెనీలకు అమ్మడానికి తయారైన సరుకు. 2008లో బ్రిటన్‌కు చెందిన వెల్కమ్ ట్రస్ట్ 47 లక్షల పౌండ్లు ఇచ్చి, దాన్ని ప్రజల ఆస్తిగా మార్చడానికి తోడ్పడింది. జాన్ ఓవరింగ్టన్ నాయకత్వంలో 2009లో కెంబుల్ పేరుతో విడుదలైంది. తాళం ఉన్న నిధి తెరిచిన నిధిగా మారిన సందర్భాలు చాలా అరుదు, అందులో ఇది ముఖ్యమైనది.

కెంబుల్‌లో ఒక వరుస ఎలా తయారవుతుందో చూడాలి. ఔషధ రసాయన శాస్త్ర పత్రికల్లో వచ్చిన వ్యాసాన్ని ఒక మనిషి చదువుతాడు. వ్యాసంలోని పట్టికలో ‘7బి’ అని ఉన్న అణువు ఏదో మరో పుటలోని బొమ్మ చూసి తెలుసుకుని, దాని నిర్మాణం గీస్తాడు. దాన్ని ఏ ప్రోటీన్ మీద పరీక్షించారు, అది మనిషిదా ఎలుకదా, శుద్ధి చేసిన ఎంజైమా బతికున్న కణమా అన్నది రాస్తాడు. ఆ తర్వాత కొలత. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కొలత ఐసీ50, అంటే ఒక ఎంజైమ్ పనిని సగానికి తగ్గించడానికి ఎంత గాఢత కావాలన్న లెక్క. ఆ సంఖ్య ఎంత చిన్నదైతే అణువు అంత శక్తిమంతం. సంఖ్య పక్కన నానోమోలార్ అనో మైక్రోమోలార్ అనో ప్రమాణం ఉంటుంది. ఒకదానికి బదులు రెండోది పడితే విలువ వెయ్యి రెట్లు తారుమారవుతుంది. వ్యాసం అచ్చులోనే ఆ పొరపాటు ఉండవచ్చు, ఎక్కించేటప్పుడు దొర్లవచ్చు. అందుకే కెంబుల్ అనుమానం కలిగించే విలువల పక్కన ఒక హెచ్చరిక గుర్తు పెడుతుంది. వేర్వేరు కొలతలను పోల్చడానికి పీకెంబుల్ అనే స్కేలు కూడా ఉంది. ఒక మైక్రోమోలార్ అయితే 6, ఒక నానోమోలార్ అయితే 9. 2023 విడుదల నాటికి కెంబుల్‌లో దాదాపు 24 లక్షల సమ్మేళనాలు, రెండు కోట్లకు పైగా ఇలాంటి కొలతలు చేరాయి.

ఇదే తరహా పని హైదరాబాద్‌లోనూ పెద్ద ఎత్తున జరిగింది. జీవీకే బయో సంస్థలో రసాయన శాస్త్ర పట్టభద్రులు పత్రికలూ పేటెంట్లూ చదివి, అణువు, లక్ష్యం, కొలత వివరాలు ఎక్కించి గోస్టార్ అనే డేటాబేస్ కట్టారు. ఇప్పుడు అది ఎక్సెల్రా సంస్థ చేతిలో ఉంది. అది చందాదారులకు అమ్మే సరుకు, కాబట్టి బహిరంగ నిధుల జాబితాలోకి రాదు. కాని ఈ పనికి కావలసిన చదువూ ఓపికా తెలుగునాట దండిగా ఉన్నాయనడానికి అది సాక్ష్యం.

కొలతలు ఒకచోట చేరితే ఏం లాభమో మలేరియా కథ చెబుతుంది. 2010లో గ్లాక్సో స్మిత్‌క్లైన్ కంపెనీ స్పెయిన్‌లోని ట్రెస్ కాంటోస్ ప్రయోగశాలలో తన దగ్గరున్న దాదాపు 20 లక్షల అణువులను మలేరియా పరాన్నజీవి మీద పరీక్షించింది. 13,533 అణువులు దాని పెరుగుదలను ఆపాయి. వాటి నిర్మాణాలన్నిటినీ కంపెనీ బహిరంగపరచింది. అందులో అత్యధిక భాగం అంతవరకు బయటివాళ్లెవరూ చూడనివి. నోవార్టిస్, సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి కూడా తమ ఫలితాలను అదే కాలంలో ఇచ్చాయి. ఇవన్నీ కెంబుల్‌లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరాయి. ఈ వేల అణువుల నుంచి 400 ఏరి, నిజమైన పదార్థాన్నే చిన్న గిన్నెల పళ్లెంలో పెట్టి, అడిగిన ప్రయోగశాలకల్లా ఉచితంగా పంపింది మెడిసిన్స్ ఫర్ మలేరియా వెంచర్ సంస్థ. దాని పేరు మలేరియా బాక్స్. షరతు ఒక్కటే, ఫలితాలు బయటపెట్టాలి. 2016లో రెండు వందలకు పైగా పరీక్షల ఫలితాలు ఒకే వ్యాసంగా వచ్చాయి. మలేరియా కోసం ఏరిన అణువులను ఇతర పరాన్నజీవుల మీదా, క్యాన్సర్ కణాల మీదా కూడా వాటిలో పరీక్షించారు.

మన దేశంలో ఈ స్ఫూర్తితోనే శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి, అంటే సీఎస్ఐఆర్, 2008లో ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. సమీర్ బ్రహ్మచారి దానికి నాయకత్వం వహించారు. లక్ష్యం క్షయ. కంపెనీలకు లాభం లేని జబ్బు గనుక విద్యార్థులే ముందుకు రావాలన్నది ఆలోచన. దేశం నలుమూలల కాలేజీల నుంచి వందలాది యువతీయువకులు క్షయ బాక్టీరియా జన్యువులకు సంబంధించిన వ్యాసాలు చదివి, ఏ జన్యువు ఏం చేస్తుందో పట్టికలు కట్టారు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పని కూడా ఈ డేటాబేస్‌లలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. లెడర్లె ప్రయోగశాలల్లో ఆయన సారథ్యంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ అణువును కాస్త మార్చి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ చేసింది. బాస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా రోగం తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. పబ్‌కెమ్‌లో మెథోట్రెక్సేట్ సంఖ్య 126941. ఆ పుట పక్కన ఫోలిక్ ఆమ్లం పుట పెట్టి చూస్తే రెండు బొమ్మలూ అచ్చం కవలల్లా ఉంటాయి. వలయం మీద ఆక్సిజన్ ఉన్నచోట ఒక అమైనో సమూహం, మధ్యలో నత్రజని మీద అదనంగా ఒక మిథైల్, అంతే తేడా. ఒకటి లేకపోతే రక్తహీనత వచ్చే విటమిన్, రెండోది ఆ విటమిన్‌ను వాడుకునే ఎంజైమ్‌కు అతుక్కుని దాని పని ఆపేసే మందు.

ఇలాంటి కవలలను కంప్యూటర్ తనంతట తానే వెతకగలదు. పబ్‌కెమ్ ప్రతి అణువునూ 881 అవును-కాదు ప్రశ్నలు అడుగుతుంది. ఈ వలయం ఉందా, ఈ బంధం ఉందా, ఈ రకం పరమాణువులు ఇన్ని ఉన్నాయా అని. ఆ జవాబుల వరుసే ఆ అణువు వేలిముద్ర. రెండు వేలిముద్రలు ఎంతవరకు కలుస్తున్నాయో లెక్కవేసి, పోలిక 90 శాతం దాటినవాటిని చూపమంటే క్షణాల్లో జాబితా వస్తుంది. సుబ్బారావు బృందం చేసిన ఊహకు ఇది యంత్రం చేసే అనుకరణ.

కాగితం మీదున్న అణువు ప్రయోగశాలకు చేరాలంటే దాన్ని ఎవరైనా అమ్మాలి. ఈ ఖాళీని పూరించేది జింక్ డేటాబేస్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాన్ ఇర్విన్, బ్రయాన్ షోయ్‌కెట్ 2005లో దీన్ని ప్రకటించినప్పుడు ఏడు లక్షల పైచిలుకు అణువులుండేవి, అన్నీ కొనుక్కోగలిగినవే. ఇప్పుడు అడిగితే తయారుచేసి ఇవ్వగలిగినవి కూడా కలిపి వందల కోట్లు దాటింది. 2020లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ పరిశోధకులు 2,335 అణువుల మీద ఒక కృత్రిమ మేధ నమూనాకు శిక్షణ ఇచ్చారు. బాక్టీరియాను ఏ అణువు ఆపగలదో ఊహించడం దాని పని. మొదట కొన్ని వేల పాత మందులను జల్లెడ పడితే, ఒకప్పుడు మధుమేహం కోసం పరిశీలించి పక్కనపెట్టిన అణువు ఒకటి బయటపడింది. దానికి హాలిసిన్ అని పేరు పెట్టారు. ఎలుకల్లో మొండి బాక్టీరియా మీద అది పనిచేసింది. ఆ తర్వాత అదే నమూనా జింక్ నుంచి తీసిన 10.7 కోట్ల అణువులను చూసి మరికొన్నిటిని పట్టుకుంది. బహిరంగ డేటాబేస్ లేకపోతే ఈ వెతుకులాటకు ముడిసరుకే ఉండేది కాదు.

ముడిసరుకులో రాళ్లు కూడా ఉంటాయి. 2011లో అమెరికా ఆరోగ్య సంస్థల పరిశోధకులు ఆమోదం పొందిన మందులన్నిటినీ చేర్చి ఒక ప్రత్యేక సంకలనాన్ని విడుదల చేస్తే, ఆంటొనీ విలియమ్స్, షాన్ ఎకిన్స్ అనే పరిశోధకులు కొద్ది రోజుల్లోనే అందులో నిర్మాణాల తప్పులు ఎత్తిచూపారు. పేరు ఒక మందుది, బొమ్మ మరొకదానిది. ఎడమ కుడి అమరికలు తారుమారు. డేటాబేస్‌లు ఒకదాని నుంచి మరొకటి ఎత్తి రాసుకుంటాయి గనుక, ఒకచోట పుట్టిన తప్పు ఐదు చోట్ల కనబడి, ఐదుగురు సాక్షులున్న నిజంలా చలామణీ అవుతుంది. దీన్ని తొలగించాలంటే మళ్లీ మనిషే మూలానికి వెళ్లి చదవాలి.

తప్పులేని సమాచారం కూడా తప్పుదారి పట్టించగలదు. కర్క్యుమిన్ పుటలో ఎన్నో లక్ష్యాల మీద అది పనిచేసిందన్న ఫలితాలు వరుసకట్టి ఉంటాయి. చూసినవారికి ఇది సర్వరోగ నివారిణి అనిపిస్తుంది. 2017లో ఔషధ రసాయన శాస్త్ర పత్రికలో వచ్చిన సమీక్ష ఆ భ్రమను తొలగించింది. కర్క్యుమిన్ స్వయంగా వెలుగు చిమ్ముతుంది, లోహ అయాన్లను పట్టుకుంటుంది, ముద్దలు కడుతుంది, ప్రోటీన్లతో ఎడాపెడా చర్య జరుపుతుంది, పరీక్ష మధ్యలోనే విడిపోతుంది. ఈ ఒక్కో గుణమూ పరీక్షలో ‘పనిచేసింది’ అన్న దొంగ జవాబును పుట్టించగలదు. 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా, రోగికీ వైద్యుడికీ తెలియకుండా ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన ప్రయోగాల్లో ఒక్కటీ నెగ్గలేదని ఆ సమీక్ష తేల్చింది. ఇలా మోసగించే అణువుల గుంపును గుర్తించే జల్లెడలను 2010లోనే ప్రతిపాదించారు. డేటాబేస్‌లో ఫలితాల సంఖ్య చూసి మురిసిపోయే ముందు ఆ జల్లెడ పట్టి తీరాలి.

మొక్కల అణువుల విషయానికొస్తే, మన దేశానికి ఇది సొంత ఇంటి వ్యవహారం. చెన్నైలోని గణిత శాస్త్రాల సంస్థలో అరీజిత్ సమాల్ బృందం ఇంపాట్ అనే డేటాబేస్ కట్టింది. 2018లో 1,742 ఔషధ మొక్కలతో మొదలై, రెండో విడతలో 4,010 మొక్కలకు, 17,967 రసాయనాలకు చేరింది. వందకు పైగా పుస్తకాలు, వేల వ్యాసాలు చదివి, ఏ మొక్క ఏ భాగంలో ఏ అణువు ఉందో విడదీసి రాశారు. దూలగొండి గింజల్లో లెవొడోపా ఉందని 1937లోనే మన దేశంలో తేల్చారు. అలాంటి ఎన్నో వ్యాసాలు అటకెక్కకుండా వెతికితే దొరికేలా చేయడమే ఇంపాట్ చేసిన మేలు. ప్రపంచ స్థాయిలో కోకోనట్, లోటస్ అనే నిధులు ఈ పనినే చేస్తున్నాయి. లోటస్ మరింత ముందుకు వెళ్లి, ఏ జీవిలో ఏ అణువు ఉందన్న లక్షల జంటలను వికీడేటాలో పెట్టింది. అక్కడ ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు.

మరోపక్క సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఉంది. దాని వెనుక పసుపే ఉంది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు వస్తే, సీఎస్ఐఆర్ సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాల నుంచి ఆధారాలు తీసి సవాలు చేసింది. 1997లో పేటెంటు రద్దయింది. ఇలా ఒక్కో పేటెంటు మీదా పోరాడడం కంటే పాత గ్రంథాల్లోని యోగాలన్నిటినీ విదేశీ పేటెంటు పరీక్షకులు చదవగలిగే భాషల్లో అందించడం మేలని 2001లో ఈ గ్రంథాలయం మొదలైంది. నాలుగు లక్షలకు పైగా యోగాలు ఇంగ్లిష్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లో ఉన్నాయి. కాని ఏళ్లతరబడి పేటెంటు కార్యాలయాలకు తప్ప మరెవరికీ ప్రవేశం లేదు. 2022లో కేంద్ర మంత్రివర్గం పరిధి విస్తరించడానికి ఆమోదం తెలిపింది. తెరిస్తే దోచుకుంటారన్న భయం నిరాధారం కాదు. అయినా వరంగల్‌లోనో తిరుపతిలోనో పనిచేసే పరిశోధకుడికి తన దేశపు వైద్య గ్రంథాల సారం అందకపోవడం న్యాయమూ కాదు. ఇంపాట్ చూపిన దారి, ప్రచురితమైన ఆధారాలను మాత్రమే తీసుకుని అందరి ముందూ పెట్టడం, ఈ రెండింటి మధ్య నడవదగినదే.

తెరిచి ఉంచడానికి డబ్బు కావాలి. జపాన్‌లో మినోరు కనెహిసా 1995లో మొదలుపెట్టిన కెగ్ డేటాబేస్ జీవక్రియల పటాలకు పెట్టింది పేరు. ప్రభుత్వ నిధులు తగ్గేసరికి 2011 జులై నుంచి దాని మొత్తం డేటా దింపుకోవడానికి చందా పెట్టక తప్పలేదు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో పుట్టిన డ్రగ్‌బ్యాంక్, పరిశోధకులకు ఉచితంగానే ఉన్నా వ్యాపార వినియోగానికి లైసెన్సు అడుగుతుంది. ఆంటొనీ విలియమ్స్ 2007లో ఇంటి నుంచి నడిపిన కెమ్‌స్పైడర్‌ను 2009లో బ్రిటన్ రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ తీసుకుంది. ఇవాళ ఉచితంగా కనిపించే పుట మీద ఏ షరతులున్నాయో చూడకుండా దాని మీద ఇల్లు కట్టకూడదని పరిశోధకులు ఇలా అనుభవం మీద తెలుసుకున్నారు. కెబి సమాచారాన్ని మూలం పేర్కొని ఎవరైనా, దేనికైనా వాడుకోవచ్చు. కెంబుల్ దానికి అదనంగా, మార్పులు చేసి పంచితే అదే షరతు మీద పంచమంటుంది. ఈ రెండింటినీ 2022 డిసెంబరులో ప్రపంచ జీవడేటా కూటమి కీలక నిధులుగా గుర్తించింది. ఇవి ఆగిపోతే ఎన్ని పరిశోధనలు ఆగుతాయో నిధులిచ్చే ప్రభుత్వాలకు తెలియజేయడమే ఆ గుర్తింపు ఉద్దేశం.

తెలుగు రాష్ట్రాల కాలేజీల్లో ఈ నిధుల వాడకం పెరిగింది. ఫార్మసీ, బయోటెక్నాలజీ విద్యార్థులు ప్రాజెక్టు కోసం పబ్‌కెమ్ నుంచి నిర్మాణం దింపి, కంప్యూటర్‌లో ప్రోటీన్‌కు అతికించి చూస్తారు. ఎక్కువమంది అక్కడే ఆగిపోతున్నారు. ఇవ్వడం కూడా నేర్చుకోవాల్సిన పనే. కెబి కొత్త అణువుల నమోదు కోసం వచ్చే వినతులను స్వీకరిస్తుంది, పబ్‌కెమ్ పరీక్షా ఫలితాలు పంపే ప్రయోగశాలలకు దారి చూపుతుంది. ముఖ్యంగా పనిచేయని అణువుల వివరాలు ఇవ్వాలి. పత్రికలు వాటిని అరుదుగానే అచ్చువేస్తాయి. ఏది పనిచేయదో కూడా తెలిస్తేనే కృత్రిమ మేధ నమూనాలు సరిగ్గా నేర్చుకుంటాయి. మన ప్రయోగశాలల నోటుపుస్తకాల్లో అలాంటి ఫలితాలు ఏటా రాశులుగా పోగవుతున్నాయి. పబ్‌కెమ్‌లో వాటికి చోటు 2004 నుంచీ ఉంది.